ఎడారి గులాబీకి నీళ్లు పోసేముందు గడ్డను ఒకసారి నొక్కి చూడండి

మొన్న వానలల్ల మా వదిన దేవరకొండ నుంచి వాట్సాప్‌ల ఒక ఫోటో పంపింది. అడీనియం మొక్క, అదే ఎడారి గులాబి, మొదట్ల ఉండే లావు గడ్డ ముడతలు పడ్డది, కొమ్మలు ఒకపక్కకి ఒరిగినయి, ఆకులు సగం పసుపు. "రోజు పొద్దుగాల చెంబెడు నీళ్లు పోస్తనే ఉన్న, అయినా ఎండిపోతున్నది, ఇంకో చెంబు ఎక్కువ పొయ్యనా" అని అడిగింది. నేను వెంటనే ఫోన్ చేసి వదినా ముందు నీళ్లు బంద్ చెయ్, అది ఎండిపోతలేదు, లోపల కుళ్లుతున్నది, కుండిలకెళ్లి బయటికి తియ్ అని చెప్పిన. ఆ మొక్క సంగతి తర్వాత చెప్త. ఇదే ప్రశ్న రెండు మూడేండ్ల సంది నన్ను చాలామంది అడుగుతున్నరు, నల్గొండల మా వాడకట్టోళ్లు, పాలమూరు దిక్కు చుట్టాలు, అందరి మొక్కలు ఇంచుమించు ఒకే తీరుగ పోతున్నయి, అందుకే ఒకసారి కూసోని మొత్తం రాద్దామనుకున్న.

మనోళ్లు ఎడారి గులాబి అంటరు గానీ ఇది గులాబి కాదు, మన గన్నేరుకు చుట్టం. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు, గుళ్ల దగ్గర ఉండే దేవగన్నేరు, ఇవన్ని ఒకే కుటుంబం. పువ్వు గన్నేరు పువ్వు లెక్కనే గరాటు తీరుగ ఉంటది చూడండి. 1775ల దీని గురించి మొదటిసారి అచ్చయినప్పుడు గన్నేరు జాతి పేరే పెట్టిన్రు, 1819ల వేరు చేసి యెమెన్‌లున్న ఏడెన్ రేవు పేరు మీద అడీనియం అన్నరు. దీని సొంత నేల సహారా ఎడారి కింద ఉన్న ఆఫ్రికా ఎండు భూములు, ఇంకా అరేబియాల దక్షిణం కొస, అంటే యెమెన్, ఒమన్ దిక్కు. అక్కడ ఏడాదిల కొంత కాలమే వాన, తర్వాత నెలలకు నెలలు చుక్క ఉండదు. రాళ్ల సందుల మొలుస్తది, వాన పడ్డప్పుడు తాగినన్ని తాగి ఆ గడ్డల దాచుకుంటది, మిగతా కాలం దాని మీదనే బతుకుతది. ఈ ఒక్క ముచ్చట మనసుల పెట్టుకుంటే సగం పని అయినట్టే. మన చెలకలు, గుట్టలు, మే నెలల నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఇవన్ని మనకు కష్టం గానీ దానికి పుట్టినింటి లెక్క. మన దగ్గర ఈ మొక్కను చంపేది ఎండ కాదు, నీడ, తడి మట్టి, ఈ రెండే. అవి రెండు కలిస్తే ఇంక చెప్పే పని లేదు.

నా మొదటి మొక్క కూడ అట్లనే పోయింది. జులైల నిండ పూలతోని ఉన్నదాన్ని కొనుక్కొచ్చి, అందంగ ఉన్నది అందరు చూస్తరు అని హాల్ల టీవీ పక్కన పెట్టిన. వారంల మొగ్గలు రాలినయి, మూడు వారాలకు ఆకులు, నాకు పాపం అనిపించి ఇంకిన్ని నీళ్లు పోసిన, ఒకరోజు గడ్డ మీద వేలు పెడితే మెత్తగ లోపలికి పోయింది. ఆ దినం చాలా బాధైంది. ఇంట్ల పెట్టే మొక్క అని చెప్పి అమ్ముతరు గానీ ఇది ఇంటి మొక్కే తప్ప గది మొక్క కాదు, ఇంటి ఆవరణల ఎండ పడే జాగల ఉండాలె. పూసినప్పుడు చుట్టాలొస్తున్నరని ఒకటి రెండు రోజులు లోపల పెట్టుకుంటే ఏం కాదు, మళ్ల దాని జాగల దాన్ని పెట్టాలె.

ఎండ లెక్క ఎట్లంటే, రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగ పడాలె, అద్దంలకెళ్లి వచ్చే వెలుతురు కాదు, ఆకు మీద నేరుగ పడే ఎండ. స్లాబు మీద పెట్టుకునే వీలుంటే అంతకంటే మంచి జాగ లేదు. అపార్ట్‌మెంట్లల్ల ఉండేటోళ్లకు బాల్కనీ ఏ దిక్కున్నదో చూసుకునుడు ముఖ్యం, ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు ఇంచుమించు పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉన్నయి, అంటే మే మొదటి పదిహేను రోజులల్ల ఒక దినం మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదికి సరిగ్గ వస్తడు, నిలబెట్టిన కట్టెకు నీడ ఉండదు, మళ్ల ఆగస్టు మొదట్ల ఇంకోసారి అట్లనే. ఆ రెండు దినాల నడుమ మధ్యాహ్నం సూర్యుడు మనకు కొద్దిగ ఉత్తరం దిక్కుంటడు. అందుకే దక్షిణం బాల్కనీల చలికాలం అంతా ఎండ లోపలిదాక వస్తది, సంక్రాంతికి మొక్క మంచిగ ఉంటది, అదే మొక్కకు మే, జూన్, జులై నెలలల్ల సజ్జ నీడ తప్ప ఏం దొరకదు. మొక్క పెట్టిన జాగల ఎండ వస్తుందని చలికాలంల చూసి అనుకుంటం, ఎండకాలం మళ్ల చూడం. దక్షిణం బాల్కనీ ఉంటే ఎండకాలం కుండిని రెయిలింగ్ అంచుకు జరపండి, వీలుంటే తూర్పుకో పడమరకో మార్చండి. ఉత్తరం బాల్కనీ ఒకటే ఉంటే మాత్రం ఈ మొక్క పెట్టుకోవద్దు అనే నేను చెప్త, వేరే మొక్కలు మస్తు ఉన్నయి.

కొత్తగ తెచ్చిన మొక్కను మాత్రం ఒక్కసారిగ ఎండల పడేయొద్దు. నర్సరీల ఆకుపచ్చ నెట్టు కింద పెరిగి ఉంటది, మన ఏప్రిల్ ఎండల పెడితే రెండు రోజులల్ల ఆకులు కాలి తెల్లగైతయి, గడ్డ మీద కూడ గోధుమరంగు మచ్చ పడ్తది, ఆ మచ్చ మళ్ల పోదు. మొదటి నాలుగు దినాలు పొద్దుటి ఎండ రెండు గంటలు, తర్వాత నాలుగు గంటలు, ఇట్ల పది పన్నెండు దినాలకు పూర్తిగ ఎండలకు మార్చాలె. ఇంకోటి, స్లాబు మీద నల్ల ప్లాస్టిక్ కుండి నేరుగ పెడితే ఆకులకంటే ముందు వేర్లు ఉడుకుతయి, మే నెల మధ్యాహ్నం మనం చెప్పులు లేకుండ స్లాబు మీద నిలబడగలమా, వేర్లది అదే పరిస్థితి. కుండి కింద రెండు ఇటుకలు పెట్టి లేపండి, గాలి ఆడాలె. వీలైతే మట్టి కుండి వాడండి. చేతి మందం లేని చిన్న మొక్కలకు మే నెలల పన్నెండు నుంచి నాలుగు దాక పల్చటి నెట్టు నీడ ఇస్తే మంచిదే, పెద్ద గడ్డ ఉన్నవాటికి అవసరం లేదు. పది పదిహేను దినాలకొకసారి కుండిని కొంచెం తిప్పుతుండాలె, లేకుంటే ఎండ దిక్కే వంగుతది.

ఇంక మట్టి. నా మాట వింటే ఎరువులకు పెట్టే పైసలు, టైము అన్ని మట్టి మీద పెట్టండి. నర్సరీల నుంచి వచ్చిన మొక్క నల్ల కవర్ల జిగట మట్టిలనో, మొత్తం కొబ్బరి పీచు పొడిలనో ఉంటది. దూరం నుంచి లారీల వచ్చేటప్పుడు వాడిపోకుండ ఉండనీకి అది పనికొస్తది, మన ఇంట్ల ఏండ్లకేండ్లు ఉండనీకి పనికిరాదు. కొబ్బరి పొడి నీళ్లు పడితే తొందరగ వదలదు. ఇంటి ముంగట తవ్విన నల్లరేగడి అయితే అస్సలు వద్దు, తడిస్తే బంక, ఎండితే రాయి. నేను కలిపేది ఇట్ల, ఒకే డబ్బాతోని కొలుచుకోండి: దొడ్డు ఇసుక రెండు డబ్బాలు, శనగ గింజంత ఇటుక ముక్కలు రెండు డబ్బాలు (సిండర్, అంటే బొగ్గు కాలినంక మిగిలే గట్టి ముక్కలు, దొరికితే ఇంకా మంచిది), జల్లెడ పట్టిన చెలక మట్టి ఒక డబ్బా, బాగ మాగిన పశువుల ఎరువు గానీ వర్మి కంపోస్టు గానీ ఒక డబ్బా, పిడికెడు వేప పిండి. ఇసుక సన్నటిది వద్దు, ప్లాస్టరింగ్ ఇసుక వేస్తే సిమెంట్ లెక్క గట్టిపడ్తది. రోబో సాండ్ వాడితే రెండు మూడుసార్లు కడగండి, అందులుండే రాతి పొడి అడుగుకు దిగి బొక్క మూసేస్తది. మిర్యాలగూడ దిక్కు ఉండేటోళ్లకు రైస్ మిల్లుల దగ్గర కాల్చిన ఊక దొరుకుతది, అందుల తెల్లటి బూడిద కాదు, సగం కాలి నల్లగ బొగ్గు తీరున్న ఊక కావాలె, జల్లెడ పట్టి కడిగి అర డబ్బా కలిపితే మట్టి తేలికైతది.

కలిపినంక చూసుకునే పద్ధతి ఒకటున్నది. కుండిల నింపి మగ్గెడు నీళ్లు పొయ్యండి, పైన నిలవొద్దు, పోసిన పది పదిహేను సెకండ్లల్ల కింద బొక్కలకెళ్లి కారాలె. పైన చెరువు తీరుగ నిలబడితే మళ్ల ఇసుక, ఇటుక కలపాలె. కుండి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండాలె, గడ్డ చుట్టు రెండు మూడు వేళ్ల జాగ ఉంటే చాలు. పెద్ద కుండిల పెడితే తొందరగ పెరుగుతది అనుకుంటరు, అట్ల కాదు, వేర్లు లేని మట్టి దినాలకు దినాలు తడి పట్టుకోని ఉంటది, అదే కుళ్లుకు దారి. కింద బొక్క మీద పెంకు ముక్క కంటే దోమల జాలి ముక్క మంచిది, మట్టి పోదు నీళ్లు ఆగవు. కుండి కింద ప్లేటు మాత్రం తీసేయండి. నేల ఖరాబైతదని ప్లేటు పెడ్తరు, వాన పడితే అందుల నీళ్లు నిలిచి మొక్క రాత్రంతా నీళ్లల్ల కాళ్లు పెట్టి నిలబడ్డట్టైతది.

ఇప్పుడు అసలు ముచ్చట, నీళ్లు. రోజుకు ఎన్ని, వారానికి ఎన్నిసార్లు అని అడిగితే నేను లెక్క చెప్ప, ఎందుకంటే లెక్క చెప్తేనే మొక్కలు పోతున్నయి. మీ స్లాబు ఎండ వేరు, పక్కింటోళ్ల బాల్కనీ వేరు, కుండి వేరు. రెండు పనులు చెయ్యండి. ఒకటి, చూపుడు వేలు రెండు కణుపుల దాక మట్టిల పెట్టండి, లోపల చల్లగ తడి తగిలితే ఆ దినం నీళ్లు లేవు. రెండోది గడ్డను బొటనవేలుతోని మెల్లగ నొక్కండి, పచ్చి మామిడికాయ నొక్కినట్టు గట్టిగుంటే దాని కడుపు నిండి ఉన్నట్టు, అక్కర లేదు. ఎండకాలంల కొంచెం దిగినట్టు, పండబోయే జామకాయ తీరుగ అనిపిస్తే దాహం అయినట్టు, అప్పుడు నిండ పొయ్యండి, కింద నుంచి కారేదాక పొయ్యండి, చెంచాడు చెంచాడు రోజు పోసుడు కాదు. తాగిన రెండు మూడు దినాలల్ల గడ్డ మళ్ల గట్టిగైతది.

కానీ ఇక్కడనే అందరు పొరపాటు పడే జాగ ఉన్నది, మా వదిన పడ్డది కూడ ఇక్కడనే. గడ్డ మెత్తబడుడు రెండు కారణాల వల్ల అయితది. దాహం అయినా మెత్తబడ్తది, కుళ్లినా మెత్తబడ్తది. తేడా చెప్పేది మట్టి. మట్టి పూర్తిగ ఎండి ఉండి గడ్డ మెత్తగుంటే దాహం. మట్టి తడిగుండి గడ్డ మెత్తగుంటే వేర్లు పోయినయి, నీళ్లున్నా తాగలేకపోతున్నది, అప్పుడు ఇంకిన్ని పోసుడంటే చంపుడే. దాహంతోని మెత్తబడ్డ గడ్డ అన్ని పక్కల ఒకే తీరుగ దిగుతది, రంగు మారదు. కుళ్లింది ఒక జాగల, ఎక్కువగ మట్టికి ఆనిన కాడ, మెత్తగ ముద్ద తీరుగ అయితది, గోధుమరంగు తిరుగుతది, ముక్కు దగ్గర పెడితే వాసన వస్తది. ఫోటోల రెండు ఒకటే లెక్క కనపడ్తయి, అందుకే నన్ను ఫోటో పంపి అడిగినోళ్లను మట్టిల వేలు పెట్టి చెప్పమంట.

కాలాన్ని బట్టి అంచనాకు చెప్త. మార్చి నుంచి వానలు పడేదాక మంచి మట్టిల ఉన్న మొక్కకు రెండు దినాలకొకసారి పడ్తది, మేల చిన్న కుండి అయితే రోజు కూడ తాగుతది, భయం లేదు, పొద్దుగాల గానీ మాపటికి గానీ పొయ్యాలె, మిట్టమధ్యాహ్నం కాలిన మట్టిల చల్లటి నీళ్లు వద్దు. జూన్ నుంచి వాన పడ్తనే ఉంటే మీరు పోసే పనే లేదు. నాలుగైదు దినాలు ముసురు పట్టిందంటే సజ్జ కిందికి జరపండి, బరువుగుంటే కుండిని ఒక ఇటుక మీద పక్కకు వంచి పెట్టండి, నీళ్లు నిలవవు. మట్టి సరిగ్గ ఉన్న పెద్ద మొక్క వానకు తట్టుకుంటది, మాది స్లాబు మీదనే తడుస్తది, కానీ చిన్నవి, కొత్తగ కుండి మార్చినవి తడవనియ్యను. దసరా, దీపావళి నడుమ పడే వానలు ఇంకా జాగ్రత్త, అప్పటికి మొక్క పెరుగుడు నెమ్మదిస్తది, తడి ఆరదు. నవంబర్ చివర నుంచి సంక్రాంతి దాక రాత్రులు చల్లగుంటయి, ఆకులు పసుపు తిరిగి రాలుతయి, అది రోగం కాదు, మొక్క నిద్రపోతది. అప్పుడు పది పదిహేను దినాలకొకసారి కొన్ని పోస్తే చాలు. మోడు తీరుగ ఉన్నదాన్ని చూసి చచ్చిందేమో అని నీళ్లు పోసి నిజంగనే చంపినోళ్లు ఉన్నరు, దయచేసి ఆగండి, గడ్డ గట్టిగున్నంత కాలం అది బతికే ఉన్నది.

నీళ్ల గురించి ఇంకో మాట. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పులు ఎక్కువ. నల్గొండల ఫ్లోరైడ్ కష్టం ఎట్లాంటిదో ఇక్కడోళ్లకు చెప్పే పని లేదు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టిన్రు. ఆ బోరు నీళ్లు నెలల తరబడి పోస్తే కుండి అంచుకు, మట్టి మీద తెల్లటి పొర కడ్తది, ఆకుల కొసలు మాడుతయి. నల్లా నీళ్లు దొరికితే అవి పొయ్యండి, లేకుంటే వాన నీళ్లు ఒక డ్రమ్ముల పట్టి పెట్టుకోని రెండు నెలలకొకసారి, ఎండ బాగున్న దినం చూసి, కుండి నిండి కారేటట్టు పొయ్యండి, ఉప్పు కడుక్కపోతది. ఏసీలకెళ్లి కారే నీళ్లు కూడ పనికొస్తయి, వాటిల ఉప్పు ఉండదు.

ఇప్పుడు వదిన మొక్క. బయటికి తీసి మట్టంతా దులిపితే సన్న వేర్లన్ని గోధుమరంగు దారాల తీరుగ ఊడొచ్చినయట, గడ్డ కింద భాగం నిమ్మకాయంత మెత్తబడ్డది. నేను వీడియో కాల్ల ఉండి చెప్పిన, కొత్త బ్లేడు స్పిరిట్‌తోని తుడిచి కుళ్లిన భాగం కోసుకుంట పో, లోపల తెల్లగ గట్టిగ కండ కనపడేదాక కొయ్యాలె, గోధుమరంగు చుక్క ఒక్కటున్నా అక్కడి నుంచి మళ్ల మొదలైతది, ఆ జాగల జాలిపడొద్దు. కోసినప్పుడల్లా బ్లేడు మళ్ల తుడవాలె. చేతులకు గ్లవుజులు, లేకుంటే ప్లాస్టిక్ కవర్ అయినా తొడుక్కోవాలె. కోసిన జాగకు సాఫ్ అనే బూజు మందు పౌడర్ పూసింది, ఎరువుల షాపులల్ల చిన్న ప్యాకెట్ దొరుకుతది, మిరపకు కొట్టే మందే. అది దొరకకుంటే దాల్చినచెక్క పొడి గానీ పసుపు గానీ అద్దండి, ఎంతో కొంత పని చేస్తది. తర్వాత మొక్కను తలకిందులుగ కట్టి నీడల, గాలి ఆడే కాడ వేలాడదీయాలె, వానకాలం గాలిల తడుంటది కాబట్టి ఫ్యాన్ కింద పెట్టమన్న. ఎనిమిది తొమ్మిది దినాలకు కోసిన జాగ ఎండి తోలు తీరుగైంది. అప్పుడు పొడి మట్టిల, ఎక్కువ ఇటుక ముక్కలు వేసి, పైపైన కూసోబెట్టింది, వారం దాక చుక్క నీళ్లు పొయ్యలేదు, ఆకులు కూడ అన్ని తీసేసింది, వేర్లు లేనిది ఆకులకు నీళ్లు ఎక్కడ తెస్తది మరి. నిన్న మళ్ల ఫోన్ చేసి ఇప్పుడన్నా పొయ్యనా అన్నది, నొక్కి చూడు వదినా అన్న, గట్టిగనే ఉన్నది అన్నది, అయితే ఇంకో నాలుగు దినాలు ఆగు అన్న. పైన కొమ్మల దాక కుళ్లు ఎక్కితే గడ్డ దక్కదు, అప్పుడు మంచి కొమ్మ ఒకటి కోసి ఆరబెట్టి నాటుకోవచ్చు, బతుకుతది గానీ కొమ్మ నుంచి వచ్చినదానికి గింజ మొక్కకు వచ్చినంత అందమైన గడ్డ రాదు.

పూల కోసం చెయ్యాల్సింది రెండే, ఎండ, కత్తిరింపు. పువ్వులు కొత్త చిగురు కొసకే వస్తయి. ఫిబ్రవరి చివర్ల, చలి పోయి ఎండ ముదురుతున్నప్పుడు కొమ్మలను సగానికి, ధైర్యం ఉంటే ఇంకొంచెం ఎక్కువకు కత్తిరించండి. ఒక్కో కొమ్మ కాడ రెండు మూడు కొత్త కొమ్మలు పగులుతయి, ప్రతి కొసకు మొగ్గలు. కత్తిరింపు వానల్ల వద్దు, కోసిన కాడ తడి దిగుతది. కుండి మార్చేది కూడ అప్పుడే, రెండేండ్లకొకసారి. మార్చిన ప్రతిసారి గడ్డను వేలు మందం పైకి లేపి పెట్టండి, మట్టిల దాగిన లావు వేర్లు బయట పడ్తయి, నాలుగైదు ఏండ్లల్ల మర్రి ఊడల తీరుగ అందంగ తయారైతది. పాలమూరు పిల్లలమర్రి చూసినోళ్లకు ఆ అందం ఏందో ఎరుకే, నాకు ఈ మొక్క మీద ఇష్టం అక్కడి నుంచే మొదలైందనుకుంట. కొత్తగ బయట పడ్డ వేరు లేతగుంటది, పది దినాలు నేరు ఎండ తగలనియ్యకండి. కుండి మార్చిన వారం దాక నీళ్లు వద్దు, తెగిన వేర్లు మానాలె.

ఎరువు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. మార్చి నుంచి సెప్టెంబర్ దాక మూడు వారాలకొకసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడు సమానంగ ఉండే ఎరువు) లీటరు నీళ్లకు రెండు గ్రాములు, అది కూడ మట్టి కొంచెం తడిగున్నప్పుడు. ఏడాదికొకసారి గుప్పెడు ఎముకల పొడి. యూరియా మాత్రం వేయకండి, పొలంల మిగిలింది కదా అని చిటికెడు వేస్తరు, కొమ్మలు సన్నగ పొడుగు సాగుతయి, పూలు రావు.

పురుగులల్ల ఎండకాలం ఎర్రనల్లి, ఆకు వెనక సన్న గూడు, ఆకు మీద పసుపు చుక్కలు కనపడ్తయి, పైపుతోని ఆకు వెనక నీళ్లు గట్టిగ కొడితే చాలావరకు పోతది. పిండినల్లి వస్తే స్పిరిట్‌ల ముంచిన దూదితోని తుడవండి. ఎక్కువైతే వేప నూనె ఐదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్లు, ఒక లీటరు నీళ్లల్ల కలిపి మాపటికి కొట్టండి, ఎండల కొడితే ఆకు కాల్తది. వానకాలంల ఒక్క రాత్రిల ఆకులన్ని మాయమైతే, కింద నల్లటి మిరియాల తీరు రెట్ట ఉంటే, అది గన్నేరు మీద వచ్చే పెద్ద ఆకుపచ్చ గొంగళి, తలకాయ దగ్గర నీలం కండ్ల తీరు రెండు మచ్చలుంటయి. మందు అవసరం లేదు, టార్చి వేసి చూసి చేత్తోనే తీసేయొచ్చు, కుట్టదు.

చిన్నపిల్లలు ఉన్న ఇండ్లల్ల ఒక జాగ్రత్త, దీని రసం విషం, గుండె మీద పని చేస్తది, ఆఫ్రికాల బాణాలకు పూసేటోళ్లు. గన్నేరును ఎట్ల చూస్తమో దీన్ని కూడ అట్లనే చూడాలె. కత్తిరించిన కొమ్మలు రోడ్డు మీద పడేయొద్దు, మేకలు, బర్లు తింటయి. చేతులు సబ్బుతోని కడిగే దాక కండ్లు తుడుచుకోవద్దు. రసం అంటకుండ మొక్కను ఊరికే ముట్టుకుంటే ఏం కాదు, దానికి భయపడాల్సిన పని లేదు.

ఇదే పద్ధతి అన్ని సక్యులెంట్లకు, అంటే ఆకులల్లనో కాండంలనో నీళ్లు దాచుకునే మొక్కలకు, వర్తిస్తది అనుకోవద్దు. మట్టి, నీళ్ల సంగతి ఇంచుమించు ఒకటే గానీ ఎండ వేరు. గులాబి పువ్వు తీరు ఆకులుండే ఎచెవేరియా మెక్సికో ఎత్తు కొండల మొక్క, రాత్రి చల్లగుండాలె, మన మే నెలల కరిగిపోతది, ఆన్‌లైన్ల చూసి తెప్పించుకోని బాధపడొద్దు. జేడ్‌కు పొద్దుటి ఎండ చాలు. మన కలబంద, ముండ్ల యుఫోర్బియా మాత్రం అడీనియం పక్కన నిశ్చింతగ పెట్టొచ్చు.

కొనేటప్పుడు పువ్వు చూసి కొనకండి, గడ్డ చూడండి, చుట్టూ నొక్కి చూడండి, ఒక్క జాగ మెత్తగున్నా వదిలేయండి. ముద్ద పూలవి, రెండు రంగులవి చాలావరకు అంటు మొక్కలు, అంటు కింద నుంచి వచ్చే చిగురు ఎప్పటికప్పుడు గిల్లాలె, లేకుంటే అదే పెరిగి పైన మంచి రకం చచ్చిపోతది. ఓపిక ఉన్నోళ్లు గింజలు వేసుకోండి, నాకు అదే ఎక్కువ ఇష్టం. కాయలు జంటగ కొమ్ముల తీరుగ వస్తయి, ముదిరినయంటే ఒక్కసారి పగిలి దూది కుచ్చులతోని గింజలు గాలికి కొట్టుకపోతయి, అందుకే కాయ రంగు మారుతున్నప్పుడే చుట్టు దారం కట్టి పెట్టుకోవాలె. మార్చిల ఇసుక, కొబ్బరి పొడి సగం సగం కలిపి, గింజను పడుకోబెట్టి పైన సన్నగ చల్లి, వెచ్చగ పెడితే వారంల మొలుస్తయి, కొత్త గింజ అయితే నాలుగో దినమే తల లేపుతది. మొదటి నెల మాత్రం తడి ఆరనియ్యొద్దు, ఈ మొక్క జీవితంల అట్ల చెయ్యాల్సింది ఆ ఒక్క నెలనే. మొలకకు అప్పుడే చిన్న గడ్డ కనపడ్తది, శనగ గింజంత. ఏడాది నుంచి రెండేండ్లల్ల మొదటి పువ్వు పూస్తది, తల్లి రంగే వస్తదని లేదు, పూసినంకనే తెలుస్తది.